ఏడూ పదికి రెండు రింగులు

వాచీల బాబాయిగారి మిస్డ్ కాల్ ఆ మంగళవారం కూడా ఏడూ పదికే వచ్చింది. రెండు రింగులు మోగి ఆగిపోయింది. ఆమె రిజిస్టరులో పధ్నాలుగో నంబరు ఎదురుగా టిక్కు పెట్టి, పక్కన టైము వేసింది. ఏడూ పదకొండుకి టీచరుగారిది వచ్చింది. పన్నెండుకి దర్జీగారిది, పదమూడుకి రిటైరైన పోస్ట్‌మ్యాన్‌ది. నలుగురూ ఒకే మేడలో వేరువేరు వాటాల్లో ఉంటారు. నలుగురూ ఒంటరివాళ్ళే. పోయిన నెల పెద్దవాళ్ళందరి మీటింగులో ఆమె ఈ నలుగురి వరస అందరికీ చదివి వినిపించింది.

"చూసి నేర్చుకోండి. వీళ్ళ ఫోను వస్తే నేను గోడగడియారం సరిచేసుకుంటున్నా" అంది.

నలుగురూ తలలు వంచుకుని కూర్చున్నారు. సిగ్గుపడుతున్నారనుకుంది.

ఆమె పనిచేసే సహాయ కేంద్రం లైబ్రరీ వెనక గదిలో ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ఫోను, గోడకి ముప్పై ఒక్క కొక్కేలున్న చెక్కపలక. కొక్కేనికొక తాళంచెవి. పిల్లలు దగ్గర లేనివాళ్ళు, అసలు లేనివాళ్ళు, ఉన్నా వాళ్ళింటికి వెళ్ళనని భీష్మించుకున్నవాళ్ళు మొత్తం ముప్పై ఒక్కమంది. మధ్యాహ్నం భోజనం క్యారియర్ పంపడం, పదిహేను రోజులకోసారి నర్సు వెళ్ళి బీపీ చూడడం, బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించడం కేంద్రం పనులు. పొద్దున్నే అందరూ లేచారో లేదో చూడడం ఆమె పని. ఎనిమిదిలోపు ఫోను రాకపోతే ఆమే చేస్తుంది. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే తాళంచెవి పట్టుకుని బయల్దేరుతుంది. అందుకే పెద్దవాళ్ళు ఆమెని ఎనిమిదింటమ్మాయి అంటారు. ఆ అమ్మాయికి నలభై ఏడేళ్ళు.

మొదట్లో ఆమే ఒక్కొక్కరికీ ఫోను చేసి పలకరించేది. వాళ్ళకది నచ్చలేదు. "రోజూ పొద్దున్నే ఉన్నావా పోయావా అని అడిగించుకోవడం ఏం శకునమమ్మా" అన్నారు టీచరుగారు. అప్పుడు ఆమెకి ఈ ఉపాయం తట్టింది. లేవగానే మీరే రెండు రింగులిచ్చి పెట్టేయండి, నేనెత్తను, మీరు మాట్లాడక్కర్లేదు అంది. కేంద్రం ఇన్‌చార్జి ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు. ఇంట్లో అత్తగారు మాత్రం ఇప్పటికీ దెప్పుతుంది: "ఊళ్ళో ముసలాళ్ళందరికీ టిక్కు పెడతావు. నా గదిలోకి మాత్రం తొంగిచూడవు."

ముప్పై ఒక్కమందిలోనూ పధ్నాలుగో నంబరంటేనే ఆమెకి భయం. వాచీల బాబాయిగారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. మూడు నెలల కిందట బాత్రూములో జారిపడ్డాడు. దెబ్బ చిన్నదే. కూతురు మాత్రం మూడు గంటలు బస్సులో వచ్చి, ఆయన బట్టలు సంచిలో సర్దేసింది. "నేను రాను" అని ఆయన, "వచ్చి తీరాలి" అని ఆమె. మధ్యలో ఎనిమిదింటమ్మాయి కల్పించుకుని, రోజూ పొద్దున్నే నేను కనిపెట్టుకుని ఉంటాను, ఫోను రాని రోజున నిమిషాల్లో మీకు చెప్తాను అని మాటిచ్చింది. కూతురు సంచి విప్పింది.

ఆ తర్వాత నెల తిరక్కుండా రెండుసార్లు బాబాయిగారి ఫోను ఎనిమిది దాటినా రాలేదు. రెండుసార్లూ ఆమె మాట ప్రకారం కూతురికి చెప్పింది. రెండుసార్లూ తీరా చూస్తే ఆయన నిద్రపోతున్నాడు. కొత్త మాత్రల మత్తు. రెండోసారి కూతురు ఫోనులోనే తేల్చేసింది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇంక నాతో ఎవరూ వాదించొద్దు. నాన్నని తీసుకెళ్ళిపోతాను. మీ పలక మీంచి ఆ తాళంచెవి తీసేయండి."

ఆ రోజు నుంచి ఆయన ఫోను ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ మంగళవారం తొమ్మిదీ ముప్పై ఎనిమిదికి మేస్త్రి ఫోను చేశాడు. బాబాయిగారి బాత్రూములో కడ్డీ బిగించడానికి అతన్ని ఆ పూటే పంపింది.

"మేడమ్, వాచీలాయన గుమ్మం ముందున్నా. పావుగంట నుంచి తలుపు కొడుతున్నా. నాకింకా రెండిళ్ళున్నాయి."

"లోపలే ఉంటారండీ. పొద్దున్న ఫోను వచ్చింది. కాస్త గట్టిగా కొట్టండి."

"ఇంతకంటే గట్టిగా కొడితే కడ్డీతో పాటు తలుపు కూడా బిగించాలి నేను."

"స్నానంలో ఉన్నారేమో. నేను ఫోను చేస్తానుండండి."

ఆమె చేసింది. ఆరు రింగులు మోగాక అవతల ఎత్తారు.

"హలో" అన్నారు టీచరుగారు.

ఆమె నంబరు మళ్ళీ చూసుకుంది. సరైన నంబరే.

"టీచరుగారూ, మీరా? బాబాయిగారి ఫోను మీ దగ్గరుందేం?"

అవతల ఏదో వస్తువు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఆయన మీ ఇంట్లో ఉన్నారా?"

"లేడు."

"పొద్దున్న చూశారా?"

"లేదమ్మా."

"మరి ఏడూ పదికి ఎవరు చేశారు?"

"నేనే చేశాను" అన్నారు టీచరుగారు. "నాలుగు ఫోన్లూ నేనే చేస్తాను."

ఆమె చెవి దగ్గర ఫోను అలాగే పెట్టుకుని రిజిస్టరు వెనక్కి తిప్పింది. నిన్న పది, పదకొండు, పన్నెండు, పదమూడు. మొన్న కూడా అంతే. పోయిన వారమంతా అంతే. అదే వరస, అదే ఎడం, ఒక్కసారి కూడా ముందువెనకలు కాలేదు. నలభై మూడు రోజులు వెనక్కి వెళితే గాని ఆ వరస తెగలేదు. అక్కడ ఆరూ నలభై, ఎనిమిది, ఏడూ ఇరవై రెండు, ఏడూ యాభై తొమ్మిది. మనుషులు నిద్రలేచే టైములు. ఆమె చేత్తో రాసిన అంకెలే. ఈ నలభై మూడు రోజులూ ఆమె కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోయింది.

"ఆయన్ని ఆఖరున ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. ఫోను ఇచ్చి వెళ్ళాడు."

పదిహేనున్నర గంటలు. ఆమె పధ్నాలుగో కొక్కెం మీంచి తాళంచెవి తీసుకుని, గది తలుపు కూడా వెయ్యకుండా బయటపడింది.

ఆ మేడ రెండు వీధులవతల ఉంది. మామూలుగా అయితే ఎనిమిది నిమిషాలు. ఆమె పరుగూ నడకా కాని నడక నడిచింది. కూడలి దగ్గర ట్రాఫిక్ ఆగలేదు. అక్కడ నిలబడ్డంతసేపూ లెక్కలు వేసుకుంది. రాత్రి పడి ఉంటే ఏమిటి, తెల్లారి పడి ఉంటే ఏమిటి. పోయినసారి పడ్డప్పుడు డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది: ఈ వయసులో పడడం కన్నా, పడ్డాక ఎంతసేపు అలా ఉండిపోయారన్నదే ప్రాణం మీదికి తెస్తుంది. కూతురికి ఇప్పుడే చెప్పాలా? నిమిషాల్లో చెప్తానంది. ఏమని చెప్పాలి? ముందు తలుపు తియ్యాలి.

మెట్ల మొదట్లో టీచరుగారు నిలబడి ఉన్నారు. చేతిలో గుడ్డసంచి, అందులో నాలుగు ఫోన్లు. ముప్పై ఏళ్ళు హాజరు పిలిచిన మనిషి. ఇప్పుడు తనే క్లాసులో నిలబెట్టిన పిల్లలా ఉన్నారు.

"ఆ మాత్రలేసుకుంటే లేవలేకపోతున్నాడమ్మా. మళ్ళీ ఆలస్యమైతే కూతురు లాక్కుపోతుందని ఏడ్చినంత పని చేశాడు. నా దగ్గర పెట్టు, నేను నొక్కుతాలే అన్నాను. అది చూసి మిగతా ఇద్దరూ, మావి కూడా ఆ చేత్తోనే అన్నారు. రాత్రిళ్ళు నాలుగూ నా దగ్గరే చార్జింగు."

"మరి నొక్కేముందు ఒకసారి పైకెక్కి చూడొద్దూ?"

"మొదటి వారం ఎక్కాను. తర్వాత మోకాళ్ళు..." అన్నారు టీచరుగారు.

ఆమె రెండో అంతస్తుకి ఎక్కింది. మేస్త్రి డ్రిల్లు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు, ఆమె మొహం చూసి లేచాడు. లాగితే దానంతటదే పడే తాళం, తాళంచెవి తిరిగింది. లోపల గడియ వెయ్యలేదు. గడియ వెయ్యనని ఆయనిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు.

రెండు గదుల ఇల్లు. కిటికీ కింద బల్ల, దాని మీద భూతద్దం, చిన్న స్క్రూడ్రైవర్లు వరసగా. గోడకి పదకొండు గడియారాలు. అన్నీ నడుస్తున్నాయి, అన్నీ తొమ్మిదీ యాభై రెండు చూపిస్తున్నాయి. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. బాత్రూము తలుపు దగ్గరగా వేసి ఉంది.

"బాబాయిగారూ" అంది ఆమె.

 తలుపు తొయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మేస్త్రి ఆమెని దాటి వెళ్ళి తోశాడు.

"ఎవరూ లేరు మేడమ్. నేల కూడా పొడిగా ఉంది."

ఆమె మాత్రల డబ్బా చూసింది. పూటకొక అర ఉన్న డబ్బా, నర్సు నింపి ఇచ్చింది. సోమవారం రాత్రి అర ఖాళీ. మంగళవారం పొద్దుటి అరలో మాత్ర అలాగే ఉంది. అంటే రాత్రి బాగానే ఉన్నాడు. పొద్దున్న లేచాడు, దుప్పటి మడిచాడు, మాత్ర వేసుకునేలోపు ఏదో అయింది. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. చెప్పులు లేవు.

"కర్ర లేకుండా వీధిలోకి వెళ్ళరు కదా" అన్నాడు మేస్త్రి.

"నా గుమ్మం దాటకుండా కిందికెవరూ దిగలేరు" అన్నారు టీచరుగారు. రొప్పుతూ అప్పుడే పైకి చేరారు. "ఐదింటి నుంచి తలుపు తీసే ఉంది."

కిందికి దిగలేదంటే మిగిలింది పైనే. ముగ్గురూ ఒకేసారి డాబా మెట్ల వైపు చూశారు.

డాబా మీదికి ఇనప తలుపు. గాలికి మూసుకుని బిగుసుకుపోయింది. మేస్త్రి భుజంతో రెండుసార్లు గుద్దితే తెరుచుకుంది. గడప అవతల ఒక చెప్పు బోర్లా పడి ఉంది.

వాచీల బాబాయిగారు నీళ్ళ ట్యాంకు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానికి తువ్వాలు చుట్టుకున్నాడు. ట్యాంకు నీడ ఆయన మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. పాదాలు ఎండలో ఉన్నాయి.

ఆమె పరుగున వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"బాబాయిగారూ, నేనండీ. ఎక్కడ నొప్పి?"

"మణికట్టు. నడుం బాగానే ఉంది, కదిపి చూసుకున్నా. లేవబోతే తల తిరిగింది, అందుకని కూర్చుండిపోయా." గొంతు ఆరిపోయి మాట బొంగురుగా వచ్చింది. "నీళ్ళున్నాయా?"

మేస్త్రి తన సీసా ఇచ్చాడు. ఆయన సగం తాగాడు.

"ఈ తువ్వాలు ఆరేసి మర్చిపోయా. తీసుకుందామని ఆరూ ఇరవైకి ఎక్కా. గడప తన్నుకుని పడ్డా. అరిచాను. ఏడింటికి ఎదురు వర్క్‌షాపులో మిషను మొదలైంది, ఇంక నా అరుపు నాకే వినపడలేదు." ఎడమచేతికున్న వాచీ వైపు చూశాడు. "ఏడూ పదైనప్పుడు దీన్నే చూస్తున్నానమ్మాయ్. ఇదిగో, ఇప్పుడు నాకు టిక్కు పడుంటుంది అనుకున్నా. నేను క్షేమంగా ఉన్నానని నాకంటే ముందు నీకు తెలిసిపోయింది. ఇంక మధ్యాహ్నం క్యారియర్ వచ్చేదాకా ఎవరూ వెతకరు. అప్పటికి ఈ నీడ ఉండదు."

టీచరుగారు ఇనప తలుపు పట్టుకుని ఏడ్చారు.

"ఏడవకండి టీచరుగారూ. నొక్కమన్నది నేనే" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి ఎనిమిదింటమ్మాయిని అడిగాడు. "ఇదంతా రాస్తావా?"

"రాయాలండీ."

"ఏడూ పది అలాగే ఉంచి, తర్వాత పడ్డాడని రాయొచ్చుగా. మేస్త్రి వచ్చాక పడ్డాడని రాయి. ఇతనేమీ అనుకోడు."

మేస్త్రి తల పక్కకి తిప్పుకున్నాడు.

 అలా రాస్తే ఒక ముసలాయన తన ఇంట్లో ఉంటాడు. ఆమె పద్ధతికీ మచ్చ రాదు. ఎవరికీ ఏమీ తెలియదు, ఇంకో నలభై మూడు రోజులు. ఆమె ఆయన పాదాల్ని ఎండలోంచి నీడలోకి జరిపింది.

"పడింది ఆరూ ఇరవైకని రాస్తాను బాబాయిగారూ. నేను చూసింది తొమ్మిదీ యాభై ఆరుకి. ఉన్నదున్నట్టే రాస్తాను."

"అయితే మా అమ్మాయి వచ్చేస్తుంది" అన్నాడాయన. చిన్నపిల్లలు చెప్పినట్టు చెప్పాడు.

ఆస్పత్రిలో మణికట్టు ఎముక చిట్లిందన్నారు. ఆరు వారాలు కట్టు. ఆమె అక్కడి వరండాలోంచే కూతురికి ఫోను చేసి అంతా చెప్పింది, నలభై మూడు రోజుల సంగతితో సహా.   కూతురు రెండున్నరకి వచ్చి తండ్రి చెయ్యి చూసింది, తర్వాత అక్కడే బెంచీ మీదున్న టీచరుగారి వైపు తిరిగింది.

"మా నాన్నని కాపాడుతున్నామనుకున్నారా పెద్దమ్మా? దాచారు. నానుంచి దాచారు."

"అవునమ్మా" అన్నారు టీచరుగారు.

"ఆవిణ్ణెందుకంటావు? నేనే దాచమన్నా" అని తండ్రి అందుకున్నాడు. "మూడు నిమిషాలు ఆలస్యమైతే బస్సెక్కేస్తావు. పడుకున్నా తప్పే, లేచినా తప్పే. నిద్ర కూడా నిన్నడిగి పోవాలా?"

 కూతురు ఎనిమిదింటమ్మాయితో అంది: "కట్టు విప్పేదాకా నా దగ్గరుంటారు. ఆ తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' అన్న మాట ఎనిమిదింటమ్మాయి ఇరవైసార్లు విన్నది. ఆ మాట మీద వెళ్ళినవాళ్ళలో తిరిగి వచ్చింది ఇద్దరు.

ఇన్‌చార్జి సాయంత్రం రిజిస్టరు చూశాడు. ఏడూ పది మీద ఒక గీత, పక్కన ఆమె రాసింది నాలుగు వరసలు.

"మీ ఉపాయమే కొంప ముంచింది" అన్నాడు.

"అవునండీ."

"రేపట్నుంచి ఏం చేస్తారు?"

"ఫోను ఎత్తుతాను. ఒక్క మాటైనా వింటాను. ఎనిమిది దాటగానే పిల్లలకి చెప్పను, ముందు నేను వెళ్ళి చూసొస్తాను. నిద్రపోతుంటే నిద్రపోయారని రాస్తాను. మనం చేసిందే తప్పు. నిద్రపోయినందుకు శిక్ష వేశాం, వాళ్ళు మన నుంచి దాక్కున్నారు."

అతను కాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. "సరే. పధ్నాలుగో నంబరు ఆరు వారాలు ఉంచుతాను. తర్వాత తాళంచెవి తిరిగిచ్చేయాలి. ఆ చోటు కోసం ముగ్గురు ఎదురుచూస్తున్నారు."

మర్నాడు ఆ మేడ నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. ఆరూ యాభైకి దర్జీగారు: "లేచానమ్మా, కాళ్ళు మాత్రం ఇంకా లేవలేదు." ఏడూ నలభైకి పోస్ట్‌మ్యాన్: "ఉన్నాను, అడ్రసు మారలేదు." ఏడూ యాభై ఐదుకి టీచరుగారు ఒక్క మాటే అన్నారు, "ప్రెజెంట్."

ఎనిమిదీ నాలుగుకి ఇంకో ఫోను మోగింది. పధ్నాలుగో నంబరు. ఆమె ఎత్తేలోపు రెండు రింగులిచ్చి ఆగిపోయింది. ఊళ్ళో లేని మనిషి, ఆ రోజు రిజిస్టరులో గడి కూడా లేదు. ఆమె పేజీ అంచున టైము రాసుకుంది.

మర్నాడు ఆరూ ముప్పై ఒకటికి. ఆ మర్నాడు ఏడూ నలభై ఆరుకి. ఒక రోజు రానే లేదు. ఆమె పదింటిదాకా ఓపికపట్టి కూతురికి చేసింది. "ఎడమచేత్తో నొక్కడం రావట్లేదు, నన్ను నొక్కనివ్వరు" అని కూతురు విసుక్కుంది. ఆ విసుగు విన్నాక ఆమె మధ్యాహ్నం భోజనం చేసింది. అంచున అంకెలు పడుతూ పోయాయి. ఏ రెండు రోజులూ ఒకటి కాదు. వరస కుదరనంతకాలం నొక్కుతున్నది ఆయనే అని ఆమెకి నమ్మకం. పధ్నాలుగో కొక్కెం వైపు మాత్రం చూసేది కాదు.

ఆరోవారం ముగియడానికి రెండు రోజులుందనగా, పొద్దున్న ఫోను మోగింది. గోడగడియారం చూస్తే సరిగ్గా ఏడూ పది. రెండు రింగులిచ్చి ఆగింది.

ఆమె వెంటనే తిరిగి చేసింది. ఒక రింగు, రెండు, మూడు, నాలుగు. ఐదో రింగుకి ఎత్తారు.

"ఏంటమ్మాయ్?" అన్నాడు వాచీల బాబాయిగారు. వెనక ఏదో ఇంజను మోగుతోంది.

"ఇవాళ సరిగ్గా ఏడూ పదికి వచ్చింది బాబాయిగారూ. ఎవరు నొక్కారు?"

"బస్సు ఏడింటికి. ఎక్కి, సీటు చూసుకుని, సంచి పెట్టుకునేసరికి పదైంది. నేనేం చెయ్యను?" అన్నాడు. "మా అమ్మాయి పక్కనే ఉంది. బాత్రూములో ఆ కడ్డీ బిగించారో లేదో తను కళ్ళారా చూడాలట. డాబా తలుపుకి తాళం వేస్తేనే దింపి వెళుతుందట. లేకపోతే ఇదే బస్సులో వెనక్కి."

"కడ్డీ అయిపోయిందండీ. తాళం పది గంటల్లోపు వేయిస్తాను." ఆమె అప్పటికే మేస్త్రి నంబరు వెతుకుతోంది. "బాబాయిగారూ, నేనడిగినదానికి చెప్పలేదు. నొక్కింది ఎవరు?"

"నేనే" అన్నాడాయన. "కుడిచేత్తో."